నిప్పుల మీద ఎలోతే: మెక్సికన్ మొక్కజొన్న పొత్తు ఇంట్లో కాల్చుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలోతే అంటే ఏమిటి? మన బండి మీద కాల్చే పొత్తుకూ దీనికీ తేడా ఎక్కడ?

మెక్సికోలో మొక్కజొన్న పంటను మాయీస్ అంటారు, ఎండిన కంకిని మసోర్కా అంటారు, లేత పచ్చి పొత్తును ఎలోతే అంటారు. ఈ చివరి మాట ఆస్టెక్‌ల భాష అయిన నావాత్ల్ నుంచి స్పానిష్‌లోకి వచ్చింది. వీధి బండి మీద అమ్మే తినుబండారానికీ అదే పేరు. పొత్తును ఉడికించి గానీ బొగ్గుల మీద కాల్చి గానీ అడుగున పుల్ల గుచ్చుతారు. దానికి మయోనైజ్, క్రేమా అనే పుల్లటి మీగడ పూస్తారు. పొడిపొడిగా రాలే ఉప్పటి చీజ్‌లో దొర్లించి, పైన కారం చల్లి, నిమ్మచెక్క పిండి చేతికిస్తారు.

కాల్చిన పొత్తుకు మయోనైజ్, చీజ్ వద్దని నిమ్మకాయ, ఉప్పు, కారం మాత్రమే రాయించుకునేవాళ్లు అక్కడా చాలామంది ఉన్నారు. అంటే మన వర్షాకాలపు పొత్తే. ఇది కాకతాళీయం కాదనుకోవచ్చు. మొక్కజొన్న పుట్టిల్లు దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నది లోయ, అక్కడి జనం సుమారు 9,000 ఏళ్ల కిందటే దాన్ని సాగులోకి తెచ్చారు. మిరప కూడా అమెరికా ఖండాలదే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి చేరింది. నిమ్మ మాత్రం ఎదురు దారిలో, ఆసియా నుంచి స్పెయిన్ వాళ్ల ద్వారా మెక్సికో వెళ్లింది. కాబట్టి ఎలోతేకు కావలసిన వాటిలో సగం పైగా ఇప్పటికే మన వంటింట్లో ఉన్నాయి. కొత్తగా సమకూర్చుకోవలసినవి మూడే: మయోనైజ్, చీజ్, మీగడ.

స్వీట్ కార్న్ తీసుకోవాలా, నాటు పొత్తు తీసుకోవాలా?

లేత నాటు పొత్తు దొరికితే అదే తీసుకోండి. మెక్సికోలో ఎలోతేకు వాడేది తీపి రకం కాదు. తెల్లటి గింజతో, పిండి ఎక్కువగా, తీపి తక్కువగా ఉండే మామూలు మొక్కజొన్ననే లేతగా ఉన్నప్పుడు కోస్తారు. మధ్య మెక్సికోలో పెద్ద గింజల కకవసింత్లే రకానికి మంచి పేరుంది. మన పొలాల్లోని పసుపు మొక్కజొన్న, తెలంగాణలో మక్క కంకి అనేది, కొరుకుడులోనూ రుచిలోనూ సూపర్‌మార్కెట్ స్వీట్ కార్న్ కంటే దానికి ఎంతో దగ్గర.

కారణం రుచిలోనే ఉంది. మయోనైజ్, మీగడ, చీజ్ మూడూ కొవ్వున్నవి. వాటి కింద పిండి పట్టిన గింజ ఉంటే నమలడానికి పట్టు ఉంటుంది, నిప్పు వాసన నిలుస్తుంది. స్వీట్ కార్న్‌తో చేస్తే తీపి ముందుకొచ్చి, చీజ్ ఉప్పదనం వెనక్కి పోతుంది.

అయితే నాటు పొత్తుతో ఒక చిక్కు ఉంది: పది రోజులు ముదిరినా చాలు, ఎంత కాల్చినా గింజ దంతాల కింద రాయిలా ఉంటుంది. లేతది దొరక్కపోతే స్వీట్ కార్నే మేలు. అప్పుడు నిమ్మరసం, కారం పావు వంతు పెంచండి.

బజారులో లేత పొత్తును ఎలా గుర్తుపట్టాలి?

పై ఆకులు పచ్చగా, ఒంటికి అంటుకుని ఉండాలి. పీచు చివర గోధుమరంగులోకి మారి, లోపల ఇంకా మెత్తగా ఉండాలి. పీచు మొత్తం తెల్లగా ఉంటే ఇంకా పాలు పోసుకోలేదు, మొత్తం ఎండి గడ్డిలా ఉంటే ముదిరింది.

అసలు పరీక్ష గోటితో. అమ్మేవాళ్లను అడిగి, కొనవైపు రెండు వేళ్ల మేర ఆకు తీసి, ఒక గింజను నొక్కండి. పాలలాంటి తెల్లటి రసం చిమ్మితే సరైన దశ. నీళ్లలా ఉంటే ఇంకా పసిది. మైదా ముద్దలా వస్తే సరిహద్దులో ఉంది, ఉడికించి కాల్చుకోవచ్చు. గోరు దిగకపోతే వదిలేయండి.

కోసిన దగ్గర నుంచి గింజలోని చక్కెర పిండిగా మారుతూ పోతుంది. ఎండలో కుప్పపోసిన పొత్తుల్లో ఇది మరీ వేగంగా జరుగుతుంది. అందుకే ఉదయం వచ్చిన సరుకు అదే రోజు కాల్చాలి. ఆగాల్సి వస్తే ఆకులు తీయకుండా తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, అలా రెండు రోజులు పరవాలేదు.

నాలుగు పొత్తులకు ఏవి ఎంత కావాలి?

- జానెడు పొడవున్న పొత్తులు: 4
- మయోనైజ్: 4 టేబుల్‌స్పూన్లు (సుమారు 60 గ్రాములు)
- క్రేమా లేదా దానికి బదులు పుల్లటి మీగడ: 4 టేబుల్‌స్పూన్లు
- కోతిహా అనే ఉప్పటి మెక్సికన్ చీజ్ లేదా ప్రత్యామ్నాయం, పొడి చేసినది: 80 నుంచి 100 గ్రాములు
- కారం: ఒకటిన్నర టీస్పూన్
- నిమ్మకాయలు: 2
- నూనె: 2 టీస్పూన్లు, కాల్చేముందు పూయడానికి
- ఉప్పు: చిటికెడు, అదీ చీజ్ రుచి చూశాకే

కొత్తిమీర మీ ఇష్టం. సాస్‌లో వెల్లుల్లి కలపడం అమెరికా వంటల్లో ఎక్కువ. వేసుకోవాలనిపిస్తే ఒక చిన్న రెబ్బ నూరి కలపండి, అంతకు మించితే నిప్పు వాసనను మింగేస్తుంది.

బొగ్గుల మీద కాల్చే పద్ధతి మొదటి నుంచి చెప్పండి.

బొగ్గులు అంటించి 20 నుంచి 25 నిమిషాలు వదిలేయండి. మంట పూర్తిగా తగ్గి, బొగ్గుల మీద బూడిద పొర పట్టి, లోపల ఎర్రగా కణకణలాడాలి. జాలీకి జానెడు ఎత్తున అరచేయి పెట్టండి. మూడు నాలుగు సెకన్లకు చేయి వెనక్కి తీయాలనిపిస్తే వేడి సరిపోయింది. రెండు సెకన్లకే తీసేస్తే ఎక్కువ, కాస్త ఆగండి.

ఈలోగా పొత్తుల ఆకులు, పీచు తీయండి. పీచు గింజల వరసల మధ్య ఇరుక్కుంటుంది. తడి గుడ్డతో మొదలు నుంచి కొన వైపు తుడిస్తే చుట్టుకుని వచ్చేస్తుంది. ఆ తర్వాత పొడిగుడ్డతో తడి తీసి, అర టీస్పూన్ నూనెను ఒక్కో పొత్తుకు చేత్తో పట్టించండి. ఇక్కడ వెన్న వాడకండి. వెన్నలోని పాల పదార్థం మాడి చేదెక్కుతుంది, కారిన కొవ్వు బొగ్గుల మీద పడి మంట లేస్తుంది, ఆ మసి పొత్తుకు పడుతుంది.

జాలీ మీద పెట్టాక మొదటి రెండు మూడు నిమిషాలు కదపకండి. అడుగు వైపు గింజలు ముందు రంగు చిక్కబడి నిగనిగలాడతాయి. తర్వాత పైపొర అక్కడక్కడ పొంగుతుంది, ఆపైన గోధుమరంగు మచ్చలు పడతాయి. అప్పుడు పావు వంతు తిప్పండి. ఇలా నాలుగు వైపులా కాల్చడానికి స్వీట్ కార్న్‌కు 10 నుంచి 12 నిమిషాలు, లేత నాటు పొత్తుకు 12 నుంచి 15 నిమిషాలు. మొత్తం గింజల్లో నాలుగో వంతుకు ముదురు మచ్చలుంటే చాలు. అంతా నల్లగా చేయాలని చూస్తే లోపలి రసం ఆవిరైపోతుంది.

విసనకర్ర వాడతారా అంటే, వాడొచ్చు. మన బండి మీద విసిరేది బొగ్గు చల్లారకుండా. ఇంట్లో బొగ్గు బాగా రగిలితే విసరాల్సిన పని ఉండదు, పైగా బూడిద ఎగిరి నూనె పూసిన గింజలకు అంటుకుంటుంది.

దించాక రెండు నిమిషాలు ఆగండి. ఈ రెండు నిమిషాలు చాలా ముఖ్యం, కారణం కింద ఉంది.

పూతల వరస ఏమిటి? ఏది ముందు రాయాలి?

మయోనైజ్-మీగడ, చీజ్, కారం, నిమ్మరసం. ఈ వరస మార్చకండి.

మన అలవాటు నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది ముందే పొత్తుకు రుద్దడం. మయోనైజ్ లేకుండా తింటే అదే సరైన పద్ధతి. కానీ నిమ్మరసంతో తడిసిన గింజ మీద మయోనైజ్ నిలవదు, జారి ప్లేట్‌లో పడుతుంది. అందుకే పులుపు చివర్లో.

మయోనైజ్, మీగడ ఒక గిన్నెలో కలిపి, ఒక్కో పొత్తుకు రెండు టేబుల్‌స్పూన్ల మిశ్రమాన్ని చెంచా వెనుక వైపుతో గాని బ్రష్‌తో గాని పలుచగా పూయండి. గింజల మధ్య గాడులు నిండాలి, గింజల తలలు కనిపిస్తూ ఉండాలి. పొడవైన ప్లేట్‌లో చీజ్ పొడి పరిచి పొత్తును ఒక్కసారి దొర్లించండి. నొక్కితే చీజ్ ముద్ద కడుతుంది. కారం జానెడు ఎత్తు నుంచి చల్లితే సమంగా పడుతుంది.

దించగానే ఎందుకు పూయకూడదు?

మయోనైజ్ అంటే నీటిలో సన్నటి నూనె బిందువులు తేలుతూ ఉండే మిశ్రమం. మరీ వేడి తగిలితే ఆ కట్టు విడిపోయి నూనె వేరవుతుంది. నిప్పుల మీద నుంచి తీసిన క్షణంలో పూస్తే, తెల్లటి పూత కాస్తా గింజల మీద నూనె మెరుపుగా మారి కారిపోతుంది. పొత్తును వట్టి చేత్తో పట్టుకోగలిగేంత వేడికి దిగాక పూయండి. మరీ చల్లారితే చీజ్ అంటుకోదు, అందుకని రెండు మూడు నిమిషాలు దాటనివ్వొద్దు.

గ్యాస్ పొయ్యి మీద వస్తుందా?

వస్తుంది. పుల్కాలు కాల్చే జాలీ పెట్టి, మధ్యస్థం మంట మీద 8 నుంచి 10 నిమిషాలు తిప్పుతూ కాల్చండి. గ్యాస్ మంట కొన సన్నగా, చాలా వేడిగా ఉంటుంది కాబట్టి ఒకచోట మాడి పక్కన పచ్చిగా ఉండటం మామూలు. నాటు పొత్తయితే ముందు సగం ఉడికించుకుని, మంట మీద నాలుగైదు నిమిషాలు రంగు తెప్పించడం ఉత్తమం. అడుగున రాలిన పీచు, గింజలు బర్నర్ రంధ్రాల్లో పడతాయి, చల్లారాక తుడవండి.

కొన్ని గింజలు టప్పుమని పేలి చిమ్ముతాయి. గింజ లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక తోలును చీల్చడమే ఇది. ముదురు గింజల్లో ఎక్కువ. ముఖం దగ్గర పెట్టి ఊదకండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఒవెన్, ఎయిర్ ఫ్రయర్, పెనం?

ఒవెన్‌ను 220 డిగ్రీలకు ముందే వేడి చేసి, పై అరలో 20 నుంచి 25 నిమిషాలు, సగంలో ఒకసారి తిప్పాలి. చివరి మూడు నిమిషాలు పై కాయిల్ మాత్రమే పెడితే మచ్చలు పడతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో 200 డిగ్రీల వద్ద 12 నుంచి 15 నిమిషాలు, బుట్ట చిన్నదైతే పొత్తును రెండుగా విరవండి. మందపాటి ఇనుప పెనం మీద బాగా కాలుతుంది కానీ పొత్తు గుండ్రం కాబట్టి ఒక్కో గీతే పెనానికి ఆనుతుంది. ఆరేడుసార్లు తిప్పాలి, 15 నిమిషాలు పడుతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని అంత వేడి చేయకండి.

వీటిలో దేనిలోనూ బొగ్గు వాసన రాదు. కావాలంటే కారంలో చిటికెడు స్మోక్డ్ పాప్రికా, అంటే పొగబెట్టిన మిరప పొడి, కలపండి.

బాల్కనీలో, వంటింట్లో కుంపటి పెట్టుకోవచ్చా?

గాలి ధారాళంగా ఆడే ఆరుబయట మాత్రమే. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. అద్దాల తలుపులు మూసిన బాల్కనీ కూడా గదే. వండటం అయ్యాక బొగ్గులను నీళ్లతో ఆర్పి, పూర్తిగా చల్లారాకే లోపలికి తేవాలి.

ఆకులతో కాల్చాలా, తీసి కాల్చాలా?

ఆకులతో కాలిస్తే పొత్తు తన ఆవిరిలోనే ఉడుకుతుంది. రసం నిలుస్తుంది, మచ్చలు పడవు, నిప్పు వాసన తగ్గుతుంది. తీసి కాలిస్తే వాసన వస్తుంది, కొంత రసం పోతుంది. నాటు పొత్తుకు రెండూ కలపడం మంచిది: ఆకులతోనే 15 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, నిప్పుల మీద 12 నుంచి 15 నిమిషాలు తిప్పండి. ఆ తర్వాత ఆకులను వెనక్కి మడిచి, పీచు లాగేసి, ఇంకో నాలుగు నిమిషాలు నేరుగా కాల్చండి. వేడి పొత్తుకు పీచు పచ్చి పొత్తు కంటే తేలిగ్గా ఊడుతుంది. మడిచిన ఆకులను అదే ఆకు చీలికతో కట్టేస్తే పట్టుకోవడానికి పిడి కూడా అవుతుంది, పుల్ల అవసరం లేదు.

పుల్లే కావాలంటే చెరకు ముక్క గుచ్చినట్టు బెండులోకి రెండు అంగుళాలు దించండి. కాల్చాకే గుచ్చాలి. ముందే గుచ్చితే పుల్ల అంటుకుంటుంది.

ముందు ఉడికిస్తే తప్పా?

అస్సలు కాదు. మెక్సికో బండ్ల మీద పెద్ద డేగిసాల్లో ఉడికే పొత్తులే ఎక్కువగా కనిపిస్తాయి. కాస్త ముదిరిన నాటు పొత్తును కుక్కర్‌లో రెండు గ్లాసుల నీళ్లతో రెండు మూడు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే దిగాక తీయండి. ఆపై బాగా తుడిచి, గాలికి ఐదు నిమిషాలు ఆరబెట్టి నిప్పుల మీద పెట్టండి. తడిగా పెడితే నీరు ఆవిరయ్యేదాకా రంగు రాదు, అప్పటికి గింజ ముడుచుకుంటుంది.

స్వీట్ కార్న్‌ను మాత్రం ఉడికించి మళ్లీ కాల్చకండి. మెత్తబడి పట్టు పోతుంది.

మయోనైజ్ ఇంట్లో చేయొచ్చా? పచ్చిగుడ్డు గురించి భయం ఉంది.

ఆ భయం సమంజసమే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, మన ఎండల్లో అది త్వరగా పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ తయారీ, అమ్మకాలను ఏడాదిపాటు నిషేధించింది కూడా. దుకాణంలో సీల్ వేసిన సీసా కొంటే పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసిందో, గుడ్డు లేనిదో లేబుల్ చూడండి. తీపి ఎక్కువున్న రకాలు ఎలోతేకు నప్పవు.

ఇంట్లో పాలతో చేసుకోవడం చాలా సులువు. సన్నటి పొడవు జాడీలో కాచి చల్లార్చిన చిక్కటి పాలు 50 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 100 మిల్లీలీటర్లు, పావు టీస్పూన్ ఉప్పు వేయండి. పాలూ నూనే రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి. చేతి బ్లెండర్‌ను అడుగుదాకా దించి, 20 సెకన్లు కదపకుండా తిప్పండి. అడుగున తెల్లగా చిక్కబడటం కనిపించాక నెమ్మదిగా పైకి లేపండి. చివర్లో ఒక టీస్పూన్ నిమ్మరసం వేసి ఇంకోసారి తిప్పితే గట్టిపడుతుంది. మిక్సీ జార్‌లో అయితే పాలు తిరుగుతుండగా నూనెను సన్నటి ధారగా పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే విరిగినట్టు వేరైపోతుంది. అలా అయితే పారేయకండి: ఇంకో గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల చల్లటి పాలు తీసుకుని, వేరైన మిశ్రమాన్ని దానిలోకి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే మళ్లీ కలుస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు.

క్రేమాకు బదులు ఏం వాడాలి?

క్రేమా అంటే కొద్దిగా పులియబెట్టిన పాల మీగడ. చెంచా నుంచి ధారగా జారేంత పలుచన, సోర్ క్రీమ్ కంటే పులుపు తక్కువ. దుకాణంలో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ 100 మిల్లీలీటర్లు తీసుకుని గోరువెచ్చగా చేసి, రెండు టీస్పూన్ల పెరుగు కలిపి, ఆరు నుంచి ఎనిమిది గంటలు తోడు పెట్టండి. తర్వాత ఫ్రిజ్‌లో చల్లబరిచి చిటికెడు ఉప్పు వేయండి. దాదాపు అదే రుచి.

వెన్న తీయడానికి పాల మీగడ దాచే ఇళ్లలో ఆ మీగడే వాడొచ్చు, రెండు రోజులకు మించనిది అయితే. వారం రోజులది వాసనొస్తుంది. వట్టి పెరుగు మాత్రం వద్దు. నీరు వదిలి పూతను జారుస్తుంది. వేరే దారి లేకపోతే గుడ్డలో కట్టి మూడు గంటలు వేలాడదీసిన గట్టి పెరుగు వాడండి.

కోతిహా చీజ్ దొరకడం లేదు. పనీర్ పనికొస్తుందా?

నేరుగా పనికిరాదు, తయారు చేసుకుంటే పనికొస్తుంది. మిచోఆకాన్ రాష్ట్రంలోని కోతిహా ఊరి పేరుతో ఉన్న ఈ చీజ్ ఆవుపాలతో చేసి, నెలల తరబడి ఆరబెట్టినది. ఉప్పు గట్టిగా ఉంటుంది, పొడిగా రాలుతుంది, వేడికి కరగదు. పనీర్ కూడా కరగదు. లేనివి ఉప్పు, పొడిదనం, మాగిన వాసన. మొదటి రెండూ మనం ఇవ్వొచ్చు.

150 గ్రాముల పనీర్‌ను గుడ్డలో గట్టిగా పిండి, సన్నగా తురిమి, ఒక టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ నిమ్మరసం కలపండి. వెడల్పు ప్లేట్‌లో పలుచగా పరిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తేమ లాగేస్తుంది. ఉదయానికి అంచులు కాస్త పసుపెక్కి, వేళ్ల మధ్య రవ్వలా రాలుతుంది. అక్కడికి సిద్ధం. మాగిన వాసన కోసం ఒక టేబుల్‌స్పూన్ పార్మెసాన్ తురుము కలిపితే చాలా దగ్గరకొస్తుంది.

ఫెటా చీజ్ దొరికితే ఇంత పని లేదు. ఉప్పునీటిలోంచి తీసి, తుడిచి, చిదిమి వాడండి. అది స్వతహాగా పులుపు కాబట్టి నిమ్మరసం సగానికి తగ్గించండి. ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు, పిజ్జా మీద వేసే మొజరెల్లా వాడొద్దు. వేడి పొత్తు మీద సాగి, ముద్దకట్టి, కారాన్ని గింజకు అందనివ్వవు.

ఏ కారం? గుంటూరు కారం వేస్తే నోరు మండిపోదా?

మెక్సికోలో చల్లేది ఎక్కువగా పికీన్ మిరప పొడి. చిన్న కాయ, ఘాటు బాగానే ఉంటుంది. లేదా మిరప, నిమ్మ, ఉప్పు కలిపిన తహీన్ లాంటి పొడులు. వీటికి బదులుగా ఒక టీస్పూన్ బ్యాడిగి కారం, అర టీస్పూన్ గుంటూరు కారం కలపండి. బ్యాడిగి రంగు, వాసన ఇస్తుంది, గుంటూరు ఘాటు ఇస్తుంది. మయోనైజ్‌లోని కొవ్వు మిరప ఘాటును తనలో కరిగించుకుంటుంది కాబట్టి నాలుకకు తగిలేది మీరు అనుకున్నదానికంటే తక్కువే.

పచ్చి కారం వాసన నచ్చకపోతే వేడి పెనంలో, స్టవ్ ఆపేశాక, పది సెకన్లు తిప్పి వెంటనే గిన్నెలోకి తీయండి. కూరల్లో వాడే, ధనియాలు, మెంతులు, వెల్లుల్లి దంచి కలిపిన కూరకారం ఇక్కడ వద్దు. విదేశాల్లో ‘చిల్లీ పౌడర్’ పేరుతో అమ్మే సీసాల్లోనూ తరచు జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిసి ఉంటాయి, లేబుల్ చదివి కొనండి.

నిమ్మకాయ మనదే చాలా?

మనదే సరైనది. పలుచటి తోలు, గింజలు, ఘాటైన వాసన ఉన్న మన కాగితపు నిమ్మా, మెక్సికోలో లిమోన్ అనేదీ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చే కాయ కోసినప్పుడు వచ్చే వాసనే అక్కడి బండి దగ్గరా వస్తుంది. అమెరికాలో సాధారణంగా దొరికే పెద్ద, గింజలు లేని ఆకుపచ్చ నిమ్మ వేరే రకం. అక్కడుంటే కీ లైమ్ లేదా మెక్సికన్ లైమ్ పేరుతో ఉన్న చిన్న కాయలు వెతకండి. కోతిహా, క్రేమా కూడా అక్కడి మెక్సికన్ కిరాణా దుకాణాల్లో దొరుకుతాయి, పైన చెప్పిన పనీర్ శ్రమ అవసరం ఉండదు.

పైన నల్లబడింది, లోపల పచ్చిగా ఉంది. ఎందుకు?

బొగ్గు మీద మంట ఉండగానే పెట్టారు. లేదా నూనె ఎక్కువై కారింది. ఇప్పుడు దాన్ని కాపాడాలంటే నిప్పుకు దూరంగా, జాలీ అంచుకు జరిపి, పైన గిన్నె బోర్లించి ఐదు నిమిషాలు ఉంచండి. ఆవిరికి లోపల ఉడుకుతుంది.

గింజలు ముడతలు పడ్డాయి.

తక్కువ వేడి మీద ఎక్కువసేపు ఉంచితే ఇలా అవుతుంది. వేడి చాలక రంగు రావట్లేదని ఇరవై నిమిషాలు తిప్పుతూ కూర్చుంటే రసమంతా ఆరిపోతుంది. బొగ్గు చల్లారుతుంటే పొత్తు దించి, బొగ్గు రగిల్చి, మళ్లీ పెట్టండి. పొత్తు కోసి మూడు నాలుగు రోజులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది.

మరీ ఉప్పగా అయింది.

చీజ్, మయోనైజ్, తహీన్ లాంటి పొడి మూడింటిలోనూ ఉప్పు ఉందని మరిచిపోయి విడిగా ఉప్పు చల్లి ఉంటారు. నిమ్మరసం ఇంకాస్త పిండి, ఉప్పులేని మీగడ పైన పూయండి. మరోసారి, పొత్తుకు అసలు ఉప్పే వేయకండి.

ఇరవై మందికి చేయాలంటే?

ఉదయమే నాటు పొత్తులన్నీ కుక్కర్‌లో సగం ఉడికించి, ఆరబెట్టి, నూనె పూసి ఉంచండి. అతిథులు వచ్చాక ఒక్కో విడతకు ఆరేడు పొత్తులు, ఒక్కోటి ఐదు నిమిషాలు కాలిస్తే చాలు. సాస్ ఫ్రిజ్‌లోనే ఉండాలి. బయట పెట్టిన గిన్నెను ఎండాకాలంలో గంటకు మించి వాడకండి. చీజ్, కారం, నిమ్మచెక్కలు వరసగా అమర్చి ఎవరి పొత్తు వాళ్లే పూసుకునేలా పెడితే, మయోనైజ్ వద్దనేవాళ్లకూ గుడ్డు తిననివాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఇరవై పొత్తులకు మయోనైజ్ 300 గ్రాములు, మీగడ 300 గ్రాములు, చీజ్ అరకిలో, నిమ్మకాయలు పది.

పళ్లు బాగాలేనివాళ్లు, క్లిప్పులు ఉన్న పిల్లలు కొరకలేరు. వాళ్లకు?

వాళ్లకు ఎస్కీతెస్ చేయండి. ఇది కూడా మెక్సికో బండ్ల మీదిదే, గింజలు ఒలిచి కప్పులో చెంచాతో తినేది. కాల్చిన పొత్తును గిన్నెలో నిలబెట్టి, పై నుంచి కిందికి కత్తితో గింజలు కోయండి. బెండుకు మరీ దగ్గరగా కోస్తే గట్టి తొడిమలు కూడా వస్తాయి, గింజ లోతులో మూడొంతుల వరకే కోయడం సరి. పొత్తుకు ఒక టేబుల్‌స్పూన్ చొప్పున మయోనైజ్, మీగడ కలిపి, చీజ్, కారం, నిమ్మరసం వేయండి. అక్కడ గింజలను వెన్నలో వేయించి, ఎపసోతే అనే ఘాటైన ఆకు వేసి, కొంచెం నీళ్లలో మరిగిస్తారు. ఆ ఆకుకు మన దగ్గర సరైన జోడీ లేదు. కొత్తిమీర వేస్తే వేరే రుచి, అయినా బాగుంటుంది.

మిగిలినవి ఎలా దాచాలి?

పూత పూసినవి దాచకండి, ఆ పూటే అయిపోవాలి. కాల్చి పూయనివి చల్లారాక మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు. మళ్లీ పొత్తుగా వేడి చేస్తే గింజ గట్టిపడుతుంది. గింజలు ఒలిచి, ఇనుప మూకుడులో ఒక టీస్పూన్ వెన్న వేసి, పెద్ద మంట మీద కదపకుండా రెండు నిమిషాలు ఉంచితే అడుగు గింజలు మళ్లీ కమ్మగా మాడు వాసన పట్టుకుంటాయి. దించి, కాస్త ఆగి, సాస్ కలపండి.